కాళ్లు నేలకు ఆనే సీటు

నేను చదివింది ఐదో తరగతి. అదీ ఒక్క తీరుగా చదివింది కాదు. మాది కోసిగి దగ్గర ఒక పల్లె. వానలు పడని ఏడాది మా అమ్మానాన్నలు మమ్మల్ని వెంటబెట్టుకుని పనులకు వలస పోయేవాళ్లు. తిరిగి వచ్చేసరికి బడిలో పిల్లలు చాలా పాఠాలు దాటిపోయి ఉండేవాళ్లు. అందుకని ఇది రాయాలంటే భయంగా ఉంది. కడపలో సైకిల్ అంగడాయన మాత్రం, "నీ మాదిరి కాలు చెడినోళ్లు ఇంగా ఉంటారు గదప్పా, వాళ్లకు పనికొస్తాది, రాయి" అన్నాడు. ఆయన మాట మీద మొదలుపెట్టాను.

యర్రగుంట్ల వైపు ఒక బండల ఫ్యాక్టరీలో పాలిష్ పని నాది. గనిలోంచి వచ్చిన నల్లబండను కోసి, నీళ్లు పోస్తూ తిరిగే సాన కింద పెడితే అద్దంలా అవుతుంది. ఇరవై ఆరేళ్లుగా అదే పని. రెండేళ్ల క్రితం గోడకు నిలబెట్టిన బండలు జారి నా ఎడమ తుంటి మీద పడ్డాయి. ఆసుపత్రిలో లోపల రాడ్ వేశారు. ఎముక అతికింది గానీ కాలు ముందులా పైకి లేవదు, మోకాలు పూర్తిగా వంగదు. అర కిలోమీటరు నడిస్తే తుంటిలో మేకు దిగినట్టు ఉంటుంది. డాక్టరు నడక తగ్గించి సైకిల్ తొక్కమన్నాడు. తొక్కేటప్పుడు ఒంటి బరువు సీటు మోస్తుందట. బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక బ్యాంకు ఆఫీసరు దగ్గర గేర్ల సైకిల్ కొన్నాను. లావు టైర్లు, ముందర స్ప్రింగులు. రాళ్ల దారిలో పోవడానికే చేసిన సైకిల్.

రాళ్ల దారి ఎందుకంటే, ఆదివారం చర్చికి పోవాలి. మా ఆవిడ పుట్టిన ఊరు ఫ్యాక్టరీ వెనక ఉన్న గట్టుకు అవతల ఉంది. బండ్ల బాటలో తొమ్మిది కిలోమీటర్లు. ఆమె చనిపోయి ఐదేళ్లయింది. మాకు పిల్లలు లేరు. పెళ్లయినప్పటి నుంచి ఆ ఊరి చర్చికే పోతున్నాను, ఆమె పోయాక కూడా మానలేదు. ఫ్యాక్టరీలో నాతో పనిచేసే వాళ్లంతా చుట్టుపక్కల పల్లెల వాళ్లు. మిషన్లు ఆగగానే ఇళ్లకు పోతారు. నేను ఫ్యాక్టరీ వెనక గదిలో ఉంటాను. వారం అంతా నేను మాట్లాడే మాటలు లెక్క పెడితే, "కొంచెం జరుపు", "నీళ్లు ఆపు", "అన్నం తిన్నావా" అన్నవే ఎక్కువ. ఆదివారం ఆ ఊళ్లో ఆరాధన అయ్యాక అందరం చాపల మీద కూర్చుని కలిసి తింటాం. ఎవరి పొలం ఎండింది, ఎవరి కోడలు అలిగి పోయింది, అవన్నీ నా చెవిన పడతాయి. ఆ ఒక్క పూట కోసమే నాకు మిగిలిన ఆరు రోజులు గడిచేవి.

తారు రోడ్డు మీద చుట్టూ తిరిగి పోవాలంటే రెండు ఆటోలు మారాలి. ఆటోలో పదకొండు మందిని కుక్కుతారు. మడిచిన కాలు దిగేటప్పుడు చాచలేక, నేను రోడ్డు పక్కన చెట్టు పట్టుకుని ఏడ్చిన రోజు ఉంది. మా ఆవిడ చిన్నాన్న కొడుకు రెండు వారాలు మోటారుసైకిల్ మీద వచ్చి తీసుకుపోయాడు. మూడో వారం ఫోన్ చేసి, "బావా, ఈ పొద్దు పత్తి ఏరేదుంది" అన్నాడు. తర్వాత నేను అడగలేదు, అతనూ అడగలేదు.

సైకిల్ వచ్చాక మళ్లీ నా అంతట నేను పోవడం మొదలుపెట్టాను. కానీ సీటు దగ్గర ఒక ఇబ్బంది ఉంది. సీటు కిందికి దించి తొక్కితే ఆపినప్పుడు కాళ్లు నేలకు ఆనుతాయి, కానీ మోకాలు ఎక్కువ మడవాల్సి వచ్చి గట్టు ఎక్కేసరికి వాచిపోతుంది. సీటు ఎత్తు పెడితే కాలు చాపుకుని హాయిగా తొక్కగలను, కానీ ఆపితే నేల అందదు. మంచి కాళ్లున్న వాళ్లు సీటు మీంచి ముందుకు దూకి నిలబడతారు. నేను దూకలేను. మొదట్లో సీటు దించే ఉంచి నొప్పి ఓర్చుకున్నాను. ఒక ఆదివారం మోకాలు బాగా వాచి ఉండడంతో సీటు ఎత్తు పెట్టి బయలుదేరాను. దారంతా బాగానే సాగింది. చర్చి ముందర ఆపి, అలవాటు చొప్పున కాలు కింద పెట్టబోయాను. కింద ఏమీ లేదు. సైకిల్‌తో సహా పక్కకు పడ్డాను.

ఆరాధనకు వచ్చిన వాళ్లందరూ అక్కడే నిలబడి ఉన్నారు. ఆడవాళ్లు కేకలు పెట్టారు. ఇద్దరు నన్ను చంకల కింద పట్టుకుని లేపి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కుర్చీతోనే లోపలికి మోసుకుపోయారు. దెబ్బ పెద్దది కాదు. కుర్చీలో మోసిందే నాకు పెద్దదైంది. ఆ రోజు అన్నం నా దగ్గరికే ప్లేటులో తెచ్చి ఇచ్చారు. అందరూ చాపల మీద ఉంటే నేను ఒక్కణ్ణే కుర్చీలో తిన్నాను.

ఆ బుధవారం మా పాస్టరు అయ్యగారు ఫ్యాక్టరీకి వచ్చారు. సంచిలో రొట్టె, చిన్న సీసాలో ద్రాక్షరసం తెచ్చారు. మా దగ్గర మంచం పట్టిన వాళ్లకు, చర్చికి రాలేని ముసలివాళ్లకు అలా ఇంటికే తెచ్చి ప్రభువు బల్ల ఇస్తారు. చర్చిలో అందరూ పంచుకునే రొట్టె, రసమే అది.

"ఇంగ నువ్వు ఆ గట్టు ఎక్కి రావద్దు నాయనా. నెలకొకసారి నేనే వచ్చి పోతా" అన్నారు.

"నేను రాగలను అయ్యగారూ. సీటు ఎత్తు పెట్టి తప్పు చేసినా, అంతే."

"మొండితనం వద్దు. ఈసారి తుంటి మళ్లా ఇరిగితే నిన్ను చూసేవాళ్లెవరు? నీ పేరు చీటీలో ఎక్కించినాం. సంఘమంతా ప్రార్థన చేస్తాది."

చీటీ అంటే రోగుల చీటీ. చర్చికి రాలేని వాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి ప్రతి ఆదివారం పైకి చదివి ప్రార్థన చేస్తారు. నాకు ఆ చీటీ బాగా తెలుసు. ఒకసారి ఎక్కిన పేరు మళ్లీ దిగడం నేను పెద్దగా చూడలేదు. దిగిందంటే ఆ మనిషిని ఊరి బయట పాతిపెట్టి వచ్చినట్టే. మా ఆవిడ పేరు అందులో పదకొండు నెలలు ఉంది. అయ్యగారు వెళ్లాక రొట్టె రుచి నోట్లో అలాగే ఉంది గానీ నాకు ఏమీ తోచలేదు. ఆ చీటీలోంచి బయటికి రావాలి, నడిచి గానీ తొక్కి గానీ మళ్లీ ఆ చాప మీద కూర్చోవాలి అని మాత్రం గట్టిగా అనుకున్నాను.

పడినప్పుడు సైకిల్ పెడల్ వంగింది. బండల లారీ కడపకు పోతుంటే సైకిల్ దాని మీద వేసుకుని, అక్కడ గేర్ల సైకిళ్లు బాగుచేసే అంగడికి పోయాను. అంగడాయన నాకంటే పెద్దవాడు, సాయిబు. పెడల్ చూసి అడిగాడు.

"తొక్కేటప్పుడు పడితివా అప్పా, నిలబెట్టేటప్పుడా?"

"నిలబెట్టేటప్పుడు భాయ్."

అందరూ నవ్వే మాటకు ఆయన నవ్వలేదు. నా కాలు వైపు చూశాడు. "సీటు కొంచెం దించుకోగూడదా?"

"దించితే మోకాలు వాస్తాది. ఎక్కిస్తే నేల అందదు."

ఆయన చేతులు తుడుచుకుని, గోడకు వేలాడుతున్న ఒక డాక్టరు గారి సైకిల్ కిందికి దించాడు. "కూచ్చో. గోడ పట్టుకో. హ్యాండిల్ కాడ ఎడం చేతికి ఒక మీట ఉండాది చూడు, అది బొటనవేలితో వొత్తు."

ఒత్తాను. నా కింద సీటు మెత్తగా కిందికి దిగిపోయింది. రెండు కాళ్లూ నేల మీద ఆనాయి. సీటు మీంచి కొంచెం లేచి మళ్లీ ఒత్తితే, సీటు తనంతట తానే పైకి వచ్చింది. పది సార్లన్నా ఎక్కించి దించి ఉంటాను. అంగడాయన వేరే పని చేసుకుంటూ, "చాల్లేప్పా, డాక్టరు వచ్చి మీటర్ ఏసి బాడుగ అడుగుతాడు" అన్నాడు.

దాన్ని డ్రాపర్ సీటుపోస్టు అంటారు. సీటు కింద ఉండే కడ్డీయే. కాకపోతే ఒక గొట్టంలో ఇంకో గొట్టం దిగేలా చేశారు. కొండల్లో దిగుడు దారిలో వేగంగా పోయే కుర్రాళ్ల కోసం చేశారట. నాలాంటి వాడికి పనికొస్తుందని చేసిన వాళ్లకు తెలుసో తెలియదో.

డాక్టరు గారిది లాంటిది కావాలంటే నా రెండు నెలల జీతం. పైగా దాని లోపల నూనె ఉంటుంది. ఏడాదికోసారి విప్పి నూనె మార్చి గాలి కొట్టాలి, దానికి పనిముట్లు బెంగళూరులోనే ఉన్నాయి. అన్నిటికంటే చవకది ఇంకోటి చూపించాడు. దాని మీట సీటు కిందే ఉంది. ఒక చేయి హ్యాండిల్ వదిలి సీటు కింద తడుముకోవాలి. నాకు అది కుదరదు. ఇంకొకటి మీట హ్యాండిల్‌కే ఉన్నది, చవకే. చేతిలోకి తీసుకుని తిప్పి చూసి అడిగాను.

"ఇది విప్పొచ్చా భాయ్?"

"విప్పేది లేదు. మూత నొక్కి మూసేసినారు. పోతే పారేయడమే."

"అయితే వద్దు."

విప్పలేని సామాను అంటే నాకు భయం. మా ఫ్యాక్టరీకి ఒకసారి బయటి దేశం మిషన్ ఒకటి వచ్చింది. అన్నిటికంటే బాగా పాలిష్ పట్టేది. ఎనిమిది నెలలకు లోపల ఏదో పోయింది. విప్పే మనిషి వేరే రాష్ట్రం నుంచి రావాలన్నారు. ఇప్పటికీ అది టార్పాలిన్ కప్పుకుని మూలన ఉంది, దాని మీద మావాళ్లు టిఫిన్ డబ్బాలు పెట్టుకుంటారు. మా పాత మిషన్‌ను మాత్రం నెలకోసారి మేమే విప్పి, బురద కడిగి, గ్రీజు పెట్టి మళ్లీ బిగిస్తాం. అది నాకంటే ముందు నుంచి నడుస్తోంది.

ఆ మాట చెప్తే అంగడాయన నన్ను కొత్తగా చూశాడు. "సైకిల్ యాడ నిలబెడతావు నువ్వు?"

"ఫ్యాక్టరీలోనే."

"ఆ బండల పొడిలోనా! అయితే నీకు ఇదీ కాదు, అదీ కాదు. ఉండు." ఫోన్‌లో వెతికి ఒక బొమ్మ చూపించాడు. "ఇది తీగతో పనిచేస్తాది, బ్రేకు తీగ మాదిరిదే. లోపల గాలి నింపిన బుడ్డి ఒకటి ఉంటాది, ఆఫీసు కుర్చీ కింద ఉంటాదే, అట్లాంటిది. అది పోతే బుడ్డి ఒకటే తెప్పించుకుని నువ్వే మార్చుకోవచ్చు. రెండు స్పానర్లు చాలు. మెడ కాడ రబ్బరు రింగు ఉంటాది, దుమ్ము ఆపేది. దాన్ని తుడుచుకుంటా ఉండాల. ఒకటే, కూచున్నప్పుడు సీటు రవ్వంత అటూ ఇటూ ఊగుతాది."

"నేనూ ఊగతానే ఉంటా భాయ్, ఇద్దరికీ సరిపోతాది" అన్నాను. అప్పుడు మాత్రం నవ్వాడు.

నా సైకిల్ మీదే నన్ను కూర్చోబెట్టి, కాలి కింద చెక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ పోయాడు. అడుగు ఆనేసరికి చెక్కలు బెత్తెడు మీద రెండు వేళ్లు వచ్చాయి. అంత దిగితే చాలు, ఇంకా ఎక్కువ దిగేది తీసుకుంటే కడ్డీ పొడుగై నా సైకిల్ గొట్టంలో పట్టదు అన్నాడు. తీగ కూడా బయటి నుంచే రావాలి, లోపలికి పంపడానికి నా ఫ్రేముకు రంధ్రం లేదు. ఇంత చెప్పిన మనిషి గొట్టం మందం కొలవడం మాత్రం మరిచిపోయాడు. నేను ఆలోచించుకుని ఫోన్ చేస్తానని వచ్చేశాను. అది అన్నిటిలోకీ చవకది కాదు, కానీ నా సగం నెల జీతంలో వస్తుంది. రెండు రోజులకు తెప్పించమని ఫోన్ చేశాను.

"పాత కడ్డీ బయటికి తీసి అడుగున నంబరు చదువప్పా" అన్నాడు.

తీశాను. ఆ బ్యాంకు ఆఫీసరు ఎన్నిసార్లు ఎక్కించి దించాడో, నంబరు అరిగిపోయింది.

"అట్లయితే సైకిల్ తీస్కరా, నేను కొలుస్తా."

మళ్లీ లారీ దొరకాలి, మళ్లీ ఒక రోజు పని పోవాలి. "నేనే కొలిచి చెప్తా భాయ్" అని టేపు పెట్టాను. "అంగుళం మీద రెండు నూలు."

నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మా బండల పనిలో అదే చిన్న కొలత. నూలు కంటే తక్కువ తేడాను మేము తేడా అనం. సాన కింద ఒక తిప్పు తిప్పితే పోతుంది.

"కరెక్టేనా?" అన్నాడు ఆయన.

"ఇరవై ఆరేండ్లుగా కొలుస్తాండా" అన్నాను. కొంచెం కోపంగానే అన్నాను.

ఎనిమిది రోజులకు సామాను బండల లారీలోనే వచ్చింది. మధ్యాహ్నం అన్నం వేళ పెట్టె విప్పి కడ్డీని సైకిల్ గొట్టంలో పెట్టాను. అంచు దగ్గరే ఆగిపోయింది. వెంట్రుకవాసి లావు ఉంది, అంతే. ఇంకెవరైనా అయితే అక్కడ ఆగి ఫోన్ చేసేవాళ్లు. నేను బండలు సాన పట్టేవాణ్ణి. వెంట్రుకవాసి ఎక్కువైన రాయిని ఏం చేస్తామో అదే చేశాను. కొత్త కడ్డీని తీసుకుపోయి సాన కింద పెట్టాను.

పక్క మిషన్ అతను చూశాడు. "ఏం కోసిగోడా, సైకిల్‌కు గూడా పాలిషా? మొగం కనపడాల మరి!"

ఇంకొకడు అందుకున్నాడు. "ఆఫీసులో సేటు కూచ్చునే ఎక్కి దిగే కుర్చీ పీకి సైకిల్‌కు తగిలించినా ఇంతకంటే సుళువు గదప్పా."

 నేను అరగంట సాన పట్టాను. అల్యూమినియం తెల్లగా మెరిసింది. మళ్లీ గొట్టంలో పెట్టి రబ్బరు సుత్తితో కొడితే నాలుగు వేళ్ల లోతు దిగి బిగుసుకుపోయింది. ఇంక కిందికి పోదు, పైకి రాదు. ఇందాక నవ్విన ఇద్దరే వచ్చి, ఒకడు సైకిల్ పట్టుకుని ఒకడు కడ్డీ మెలితిప్పి లాగితే ఊడొచ్చింది. బయటి గొట్టం సొట్టపోయింది. లోపలి గొట్టం కదలడం మానేసింది. వాళ్లు కూడా నవ్వలేదు అప్పుడు. "పోన్లేప్పా" అని మిషన్ల దగ్గరికి పోయారు.

దాన్ని సంచిలో వేసుకుని, సైకిల్ లారీ ఎక్కించి మళ్లీ కడప పోయాను. అంగడాయన సంచిలోంచి తీసి చూసి తల పట్టుకున్నాడు.

"అరే, ఇది బండనా అప్పా? సాన పడితివా దీనికి!" సన్న కొలతలు చూపే ఇనుప పనిముట్టుతో నా సైకిల్ గొట్టం లోపల కొలిచాడు. "ముప్పై పాయింట్ తొమ్మిది. నీ రెండు నూలుకు నేను ముప్పై ఒకటి పాయింట్ ఆరు తెప్పించినా. రెండిటికీ మధ్య మిల్లీమీటరు గూడా లేదు. నీ టేపులో యాడ కనపడతాదది?"

 ఇంకొకటి కొనే స్తోమత నాకు లేదు. ఆయన కాసేపు తిట్టి, తర్వాత ఆయనే తగ్గాడు.

"నేను గూడా సైకిల్ కొలవకుండా తెప్పించినా. నాదీ తప్పే. కూచ్చో, టీ తాగు."

నేను టీ తాగుతుండగా కాగితం పరిచి దాన్ని విప్పాడు. ఒక్కొక్క ముక్కా తీసి వరసగా పెట్టాడు. లోపలి గొట్టం బాగుంది. గాలి బుడ్డి బాగుంది. సీటు పక్కకు తిరగకుండా ఆపే ఇత్తడి ముక్కలు మూడూ బాగున్నాయి. పోయింది బయటి గొట్టం ఒక్కటే.

"విప్పేది కావాలంటివి గాబట్టి బతికినావు. ఇదే కంపెనీది, సన్న సైజుది, బుడ్డి పోయిన పాతది ఏదన్నా దొరికితే దాని బయటి గొట్టంలో నీ లోపలి సామాను పడతాది. బెంగళూరులో అడుగుతా. తొందరపడొద్దు."

తొందరపడకుండా ఎలా ఉంటాను. ఆదివారాలు పోతూనే ఉన్నాయి. ఆదివారం ఫ్యాక్టరీలో కరెంటు కూడా ఆపేస్తారు. వారం అంతా చెవులు పగిలే చప్పుడులో ఉన్న మనిషికి ఆ నిశ్శబ్దం బరువుగా ఉంటుంది. బట్టలు ఉతికి బండల మీద ఆరేసేవాణ్ణి. అన్నం వండి ఒక్కణ్ణే తినేవాణ్ణి. పది గంటలు దాటితే గట్టు వైపు చూసేవాణ్ణి. ఇప్పుడు పాటలు అయిపోయుంటాయి, ఇప్పుడు చీటీ చదువుతూ ఉంటారు అనుకునేవాణ్ణి. అయ్యగారు చెప్పినట్టే నెల తిరిగేసరికి మళ్లీ సంచితో వచ్చారు. నేను సైకిల్ గురించి చెప్పలేదు. చెప్తే వద్దంటారని.

మూడో వారంలో అంగడాయన ఫోన్ చేశాడు. "గొట్టం వచ్చిందప్పా. రా." ఈసారి ఆయన ఒక్కో ముక్క నా చేతికి ఇచ్చి నాతోనే బిగించాడు. "రేపు దుమ్ము పడితే నువ్వే విప్పాల గదా, నేర్చుకో." గ్రీజు ఎంత పెట్టాలో, బుడ్డిని ఏ తట్టు పట్టుకోవాలో, తీగ ఎంత బిగువుండాలో చూపించాడు. కడ్డీ సైకిల్ గొట్టంలోకి వెన్నలో వేలు పెట్టినట్టు దిగింది.

ఫ్యాక్టరీ ఆవరణలో మూడు రోజులు సాయంత్రాలు అలవాటు చేసుకున్నాను. సైకిల్‌ను నా వైపు బాగా వంచి, దించిన సీటు మీదికి కాలు జరిపి ఎక్కాలి. రెండు తొక్కులు తొక్కి, కొంచెం లేచి మీట ఒత్తితే సీటు పైకి వస్తుంది. ఆపబోయే ముందు ఒత్తి కూర్చుంటే దిగుతుంది. మొదటి రోజు ఆపడం, ఒత్తడం రెండూ ఒకేసారి చేయబోయి గోడకు గుద్దుకున్నాను. తర్వాత ముందే ఒత్తడం అలవాటైంది.

పడిన తర్వాత అది ఏడో ఆదివారం. ఎండ ఎక్కకముందే బయలుదేరాను. గట్టు ఎక్కేటప్పుడు సీటు ఎత్తున ఉంది, కాలు చాచి తొక్కాను, మోకాలు ఏమీ అనలేదు. పైన ఊపిరి తీసుకోవడానికి ఆగాను. అవతల దిగుడు దారి అంతా గుండ్రాళ్లు. ముందొక్కసారి సీటు ఎత్తు పెట్టుకుని వచ్చినప్పుడు అక్కడ హ్యాండిల్ మీదుగా పడతానేమోనని ఒళ్లు బిగబట్టుకుని దిగాను. ఈసారి సీటు కిందికి దించి, కాళ్లు నేలకు దగ్గరగా పెట్టుకుని, బ్రేకు పట్టి నిదానంగా దిగాను. గుండ్రాళ్ల మధ్యలో ఒకచోట ముందు టైరు జారింది. కాలు కింద పెట్టాను. కింద నేల ఉంది.

చర్చి ముందర ఆపేసరికి బయట ఒక్కరూ లేరు. అందరూ లోపల ఉన్నారు. పడకుండా నిలబడ్డానని చూసిన మనిషి లేడు. సైకిల్ గోడకు ఆనిస్తుంటే కిటికీలోంచి అయ్యగారి గొంతు వినిపించింది. చీటీ చదువుతున్నారు. కిడ్నీలు చెడిన ఒక తల్లి పేరు, పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన పేరు, తర్వాత నా పేరు. "చర్చికి రాలేని స్థితిలో ఉన్న మా సహోదరుడు" అన్నారు. లోపల అందరూ ఒక్కసారి "ఆమెన్" అన్నారు. నేను చెప్పులు విడిచి గడప బయటే నిలబడ్డాను. నా కోసం చేస్తున్న ప్రార్థన మధ్యలో లోపలికి పోవాలో కూడదో తెలియలేదు. అది అయ్యాక పోయి తలుపు దగ్గర చాప అంచున కూర్చున్నాను.

ముందర కూర్చున్న ఒకామె వెనక్కి తిరిగి చూసి, పక్కామెను మోచేత్తో పొడిచింది. "అల్లుడొచ్చినాడే!" చర్చి అంతా గుసగుస పాకింది. మా ఆవిడ చిన్నాన్న కొడుకు దూరం నుంచే, "పడకుండా వచ్చినావా బావా?" అని చేత్తో సైగ చేశాడు.

ఆరాధన అయ్యాక అయ్యగారి దగ్గరికి పోయాను. సీటు సంగతి చెప్పి, బయటికి తీసుకుపోయి ఎక్కించి దించి చూపించాను. ఆయనా ఒకసారి కూర్చుని మీట ఒత్తి, "అబ్బో!" అన్నారు. తర్వాత నేను అడిగాను.

"చీటీలో నా పేరు తీసేయండి అయ్యగారూ."

ఆయన అక్కడికక్కడే జేబులోంచి కాగితం తీసి పెన్నుతో నా పేరు కొట్టేశారు. ఏడు వారాలుగా నేను కోరుకున్నది అదే. సంతోషంగా పోయి చాప మీద అందరి వరసలో కూర్చున్నాను. అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించారు. నా పక్కన మా ఆవిడకు వరసకు జేజి, అంటే నాయనమ్మ, అయ్యే ముసలామె కూర్చుంది. చూపు సరిగా లేదు, నా భుజం తడిమి చూసింది.

"నువ్వేనా నాయనా? బాగుండావా?"

"బాగుండా జేజీ. చీటీలో పేరు కొట్టేయించినా."

"మంచిది. ఈ వారాలన్నీ నీ పేరు పొద్దన లేస్తానే ఒకసారి, మాపటేళ దీపం పెట్టేటప్పుడు ఒకసారి చెప్పుకుంటా ఉంటి. చీటీలో ఉండేవాళ్లందరివీ చెప్తా. నాకు పనేముంది? నోటికి వచ్చేసింది నీ పేరు." ముద్ద కలుపుతూ ఆగింది. "ఇంగ చెప్పే పని లేదు గదా?"

ఆమె అడిగింది మామూలుగానే. నేను చేతిలో ముద్దను మళ్లీ ప్లేటులో పెట్టాను. ఫ్యాక్టరీలో నేను కోసిగోణ్ణి. ఈ ఊళ్లో అల్లుణ్ణి. అంగడాయన నన్ను అప్పా అంటాడు. మా ఆవిడ కూడా నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు, మా వైపు ఆడవాళ్లు పిలవరు. చీటీ చూసి చదివే అయ్యగారిని పక్కన పెడితే, మా అమ్మ పోయాక నా పేరును నోటితో పలికిన మనిషి ఈ జేజి ఒక్కతే, అదీ రోజుకు రెండుసార్లు, గట్టుకు ఇవతల, నాకు తెలియకుండా. నేను గదిలో ఒక్కణ్ణే కూర్చుని గట్టు వైపు చూసిన ఆ ఆదివారాల్లో కూడా.

నా పేరు చెప్తానే ఉండు జేజీ అని అనాలనిపించింది. బాగున్న మనిషి ఎట్లా అడుగుతాడు? రోగుల పేర్లు చెప్పడానికే ఆమెకు ఊపిరి చాలదు.

"లేదు జేజీ, అవసరం లేదు" అన్నాను.

"దేవుడు గొప్పోడు" అని ఆమె అన్నం తినసాగింది.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. ప్రతి ఆదివారం గట్టు దాటి పోతున్నాను. ఒక్కసారీ పడలేదు. నెలకోసారి మిషన్ విప్పే రోజే కడ్డీ కూడా విప్పి, మెడ దగ్గర చేరిన బండల పొడి తుడిచి, గ్రీజు పెట్టి బిగిస్తాను. ఫ్యాక్టరీలో ఇంకొకతను కాలు చెడి సైకిల్ కొనుక్కుంటానన్నాడు. అతనికి ఒకటే చెప్పాను. విప్పగలిగేది తీసుకో, టేపుతో కొలవొద్దు, సైకిల్‌నే అంగడికి తీసుకుపో.

చర్చికి పోయి కూర్చుంటే నన్ను ఎవరూ ప్రత్యేకంగా చూడరు. వచ్చే వాళ్లలో నేనూ ఒకణ్ణి. నాకు కావలసిందీ అదే, అది దొరికింది. గదికి తిరిగి వచ్చాక మాత్రం మళ్లీ ఆరు రోజులు ఉంటాయి.

పోయిన నెల చీటీలో ఒక కొత్త పేరు చదివారు. గట్టు మీద మేకలు కాసుకునే మనిషట, బండల మీంచి జారి నడుం విరిగిందట. వేరే పల్లె, నేను అతన్ని చూడలేదు. అతని పేరు బండ రుద్దే పాలిష్ కాగితం ముక్క వెనక రాసుకుని గది తలుపుకు లోపలి వైపు అంటించాను. పొద్దున పనికి పోయేటప్పుడు ఒకసారి పైకి చదువుతాను. సాయంత్రం ఒళ్లు కడుక్కుని వచ్చాక ఒకసారి. రెండు మూడు రోజులు మరిచిపోయాను కూడా, నిజం చెప్పాలి. అతనికి నేనెవరో తెలియదు. తెలియకపోయినా ఫరవాలేదు.